టెక్ సందేహాలు: 32లో 32 దూరేదెలా?

ప్రశ్న: సరదాగా చెక్కపని చేస్తుంటాను. రంపపు పొట్టు లాగడానికి వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని పీవీసీ పైపుకు కలపాలి. గొట్టం చివర 32 మి.మీ., కొన్న పైపూ 32 మి.మీ. అయినా దూరడం లేదు. హీట్ గన్‌తో పైపును వెడల్పు చేయొచ్చా? - ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చేయొచ్చండి. పీవీసీ పైపు మీద ఉండే 32 బయటి కొలత. మీ గొట్టం చివర కూడా బయట 32 ఉంటే ఇక దూరేదెక్కడ? పొలాల్లో బోరు పైపులు వేసేవాళ్లు రెండు పైపులను కలిపే కప్లింగ్ చేతికి అందకపోతే, పైపు చివరను మంట మీద తిప్పి మెత్తబడగానే ఇంకో పైపును దోపేస్తారు. మీరు చేయాల్సిందీ అదే, కాస్త నాజూగ్గా.

పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. హీట్ గన్ గాలి 300 డిగ్రీలు దాటుతుంది! అందుకే బెత్తెడు దూరంలో పట్టుకుని, పైపును ఆపకుండా తిప్పుతూ చివర రెండంగుళాలే వేడిచేయండి. రబ్బరులా వంగితే చాలు. గోధుమరంగుకు తిరిగిందంటే మాడినట్టే (నా మొదటి ముక్క అలాగే పోయింది). అప్పుడు వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుకు గొంతు మండుతుంది. పని ఆరుబయటే పెట్టుకోండి. చేతులకు తోలు గ్లౌజులు ఉండాలి.

దోపడానికి వ్యాక్యూమ్ గొట్టాన్నే వాడితే అదీ మెత్తబడి సొట్టపోతుంది. అదే 32 పైపులోంచి చిన్న ముక్క కోసి, అంచును ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి, సబ్బునీళ్లు రాసి దోపండి. తడిగుడ్డ చుట్టి, పూర్తిగా చల్లారాకే లాగండి. తొందరపడితే ముడుచుకుపోతుంది. సాగదీసిన పీవీసీ తన పాత కొలత మరిచిపోదు మరి. వంకర వచ్చినా కంగారొద్దు, మళ్లీ వేడిచేస్తే చాలావరకు మొదటి రూపానికి వచ్చేస్తుంది.

మోటారు నీళ్ల లైనుకు మాత్రం ఈ పని వద్దు. సాగిన చోట గోడ పలచబడుతుంది. అక్కడ కప్లింగే వేయించండి.

ప్రశ్న: త్రీడీ ప్రింటర్‌లో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో చేయించిన ఫోన్ స్టాండ్ కారులో వంగిపోయింది. బాగవుతుందా? - ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పీఎల్‌ఏ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. మే నెల బెజవాడ ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు అంత వేడెక్కడంలో వింతేముంది? వేడినీళ్లలో ముంచి సరిచేయొచ్చు గానీ మర్నాటికి మళ్లీ అదే కథ. 100 డిగ్రీలు దాటితే గానీ మెత్తబడని ఏబీఎస్ ప్లాస్టిక్‌తో ఇంకోటి ప్రింట్ చేయించుకోండి.