స్పానిష్ కోసం వెళ్లి ఇంగ్లిష్ చెప్పి వస్తే ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. ఆరు నెలలు మాడ్రిడ్‌లో ఉండి స్పానిష్ నేర్చుకుంటానంటోంది. ఒక ఏజెన్సీ వాళ్లు పొద్దున భాష క్లాసు, మధ్యాహ్నం పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే వాలంటీరు పని, చివర్లో సర్టిఫికెట్ అంటున్నారు. క్లాసు ఫీజు కాక ఆ వాలంటీరు పనికే 2,000 యూరోలు అడిగారు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? - ఒక తల్లి

జవాబు: వెళ్లనివ్వండమ్మా. కాకపోతే ఆ ప్యాకేజీతో మాత్రం వద్దు.

డబ్బు కన్నా ముందు నాకు ఇబ్బందిగా అనిపించింది ఆ మధ్యాహ్నం పని. స్పానిష్ నేర్చుకోడానికి వెళ్లిన పిల్ల రోజూ మూడు నాలుగు గంటలు ఇంగ్లిష్ మాట్లాడుతూ కూర్చుంటే ఇంక నోరు తిరిగేదెప్పుడు? నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే నాలుగు నెలలు ఉండొచ్చాడు. అక్కడి పిల్లలకు ఇంగ్లిష్ బాగానే వచ్చిందట, వీడికి మాత్రం కాఫీ ఆర్డర్ చేయడం దగ్గరే ఆగిపోయింది.

నోరు తెరవక తప్పని పని చూసుకోవాలి. ఉదాహరణకి మాడ్రిడ్‌లో పేదలకి పంచడానికి తిండి సామాన్లు సేకరించే ఫుడ్ బ్యాంకు ఉంది, అలాంటి చోట బల్ల మీద డబ్బాలు పోసి ఎక్స్‌పైరీ తేదీలు చూసి వేరు చేస్తుంటారు. పక్కన రిటైరైన పెద్దాయన ఎవరో ‘ఆ పెట్టె ఇలా ఇవ్వు’ అంటాడు, ఈ అమ్మాయి వేరే పెట్టె ఇస్తుంది, ఆయన ‘కే వా!’ అని నవ్వుతాడు. అంటే మన ‘అబ్బే!’ అన్నమాట. క్లాసులో నెల రోజులు చెప్పినా ఎక్కని మాట ఇక్కడ ఒక్క పూటలో ఎక్కేస్తుంది. ‘సరే’ అనడానికి వాళ్లు మాటకు ముందోసారి వెనకోసారి ‘బాలే’ అంటారు, వారం తిరిగేసరికి ఈ పిల్లా అంటుంది చూడండి. నగరపాలక సంస్థకి కూడా సొంతంగా వాలంటీర్ల కార్యక్రమం ఉంది, అక్కడా అడగొచ్చు.

ఇక 2,000 యూరోల సంగతి. స్పెయిన్‌లో 2015 నుంచి వాలంటీర్ల చట్టం ఉంది. దాని ప్రకారం వాలంటీరుకి ఇన్సూరెన్స్ చేయించాల్సింది తీసుకున్న సంస్థే, పనేమిటో కాగితం మీద ఒప్పందం రాసుకోవాల్సిందీ ఆ సంస్థే. అలాంటిది మనం ఎదురు డబ్బు కట్టడమంటే, పెళ్లికి వెళ్లి వడ్డన చేసినందుకు మనమే చదివింపులు రెండింతలు ఇచ్చినట్టుంది! పైగా పిల్లలతో పని అంటే లైంగిక నేరాల రికార్డు లేదని సర్టిఫికెట్ చూపించాలని అదే చట్టంలో ఉంది. ఏజెన్సీ వాళ్లు దాని ఊసెత్తారా? ఎత్తకపోతే అక్కడే ఆగిపోండి.

వీసా విషయంలో తొందరపడొద్దు. 90 రోజులు దాటి ఉండాలంటే టూరిస్టు వీసా పనికిరాదు, చదువు వీసా తీసుకోవాలి. కోర్సు మామూలుగా వారానికి 20 గంటలు ఉండాలి, ఉండే రోజులకి నెలకు 600 యూరోల లెక్కన ఖర్చులకి డబ్బు చూపించాలి, అంటే ఆరు నెలలకి 3,600. వాలంటీరు సేవకని అక్కడ వేరే కేటగిరీ కూడా ఉంది, కాబట్టి చదువు వీసా మీద వారానికి ఎన్ని గంటల సేవకి అభ్యంతరం ఉండదో కాన్సులేట్‌నే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఏజెన్సీ వాళ్లు ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఉద్యోగం. స్పెయిన్, లాటిన్ అమెరికా క్లయింట్ల బిల్లులు, అకౌంట్లు చూసే టీమ్‌లకి బీకాం ప్లస్ స్పానిష్ బాగా సరిపోయే జోడీ, కానీ వాళ్లు అడిగేది సాధారణంగా బీ2 స్థాయి, అంటే ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది. వారానికి 20 గంటల చొప్పున 24 వారాలు చదివితే 480 గంటలు. ఇంగ్లిష్ వాళ్లు ఉద్యోగానికి పనికొచ్చేలా స్పానిష్ నేర్చుకోడానికి అమెరికా ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ వేసుకున్న లెక్క 600 నుంచి 750 క్లాసు గంటలు. అంటే సున్నాతో విమానం ఎక్కితే ఆరు నెలలు చాలవు. ఏ1, ఏ2 ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్లమనండి, అప్పుడు అక్కడి ప్రతి గంటా పనికొస్తుంది. మొదటి నెలలోనే ఫుడ్ బ్యాంకు బల్ల దగ్గర నిలబడగలుగుతుంది కూడా.

మొదలుపెట్టడం గురించి టెన్షన్ వద్దు, మనవాళ్లకి ఈ భాష అనుకున్నంత దూరమేం కాదు. ‘నాకు కాఫీ ఇష్టం’ అన్నట్టే వాళ్లూ ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటారు, ఆ ‘నాకు’ దగ్గర ఇంగ్లిష్ వాళ్లు తంటాలు పడతారు గానీ మనకి అలవాటే. నువ్వు, మీరు తేడా ఉంది. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, ఇంగ్లిష్ అలవాటులో ట, డ పలికేస్తారు. వాళ్లది త, ద. ‘దోందే’ అనాలి, ‘డోండే’ కాదు.

సర్టిఫికెట్ అంటే కూడా ఏజెన్సీ ఇచ్చేది కాదమ్మా, డేలే అనే స్పానిష్ పరీక్ష పాసైతే వచ్చేది. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే ఆ డిప్లొమాకి గడువు ఉండదు. సియేలె అని ఆన్‌లైన్ పరీక్ష కూడా ఉంది గానీ అది 5 ఏళ్లే చెల్లుతుంది. సేవ చేసిన సంస్థ నుంచి ఎన్ని గంటలు, ఏం పని అని ఒక ఉత్తరం తీసుకుంటే రెజ్యూమెలో రెండు లైన్లు నిజంగా నిలబడతాయి.

అక్కడ గది వెతికేటప్పుడు తెలుగు పిల్లలతో కలిసి ఉండనివ్వకండి, భయం వేసినా సరే. ఆగస్టులో మాత్రం పంపకండి, సెలవులకి ఊరు సగం ఖాళీ అయిపోతుంది, మాట్లాడేవాళ్లు కూడా దొరకరు. ఏజెన్సీకి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆ డబ్బుతో ఈ వారమే ఏ1 క్లాసులో చేర్పించండి.