గరాజ్‌లో ఆఫీసు పెట్టుకుంటే పర్మిట్ దేనికి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం గరాజ్ గొడవే. ఇల్లు కొన్నప్పుడు ఉన్న గదులు ఇప్పుడు ఎవరికీ చాలట్లేదు, ఉన్న ఒక్క ఖాళీ చోటూ అదే కాబట్టి అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. అందుకని లీకేజీలు, పెయింట్ల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి జరిపి వీటికే జవాబులు ఇస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. 1970ల్లో కట్టిన ఇల్లు, ఇంటికి ఆనుకునే టూ కార్ గరాజ్ ఉంది. నేనూ మా ఆయనా ఇద్దరం ఇంటి నుంచే పని, ఒకరు డైనింగ్ టేబుల్ మీద, ఒకరు బెడ్‌రూమ్‌లో, ఇద్దరికీ ఒకేసారి మీటింగ్ పడి పిల్లలు కూడా ఇంట్లో ఉంటే నేను బట్టల క్లోజెట్‌లో కూర్చుని మాట్లాడుతున్నా, ఒట్టు. గరాజ్‌లో ఎలాగూ కారు పెట్టం, కాస్ట్‌కో డబ్బాలూ పాత సూట్‌కేసులూ తప్ప అందులో ఏం లేవు. తెలిసినవాళ్లు పంపిన హ్యాండీమ్యాన్ వచ్చి చూసి, బయటికి ఏమీ కనపడదు కాబట్టి పర్మిట్ అక్కర్లేదు, గోడలకి షీట్‌రాక్ (జిప్సం పలకలు) కొట్టి, ఫ్లోరింగ్ వేసి, ఏసీ పెట్టి రెండు వారాల్లో ఇచ్చేస్తా, సగం డబ్బు ముందు ఇవ్వండి అంటున్నాడు. మా ఆయన సరే అంటున్నారు, నాకే మనసు ఒప్పట్లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు వచ్చిన అనుమానం సరైనదే. ముందు ఆ సగం అడ్వాన్స్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అతనెలాంటివాడో అక్కడే తెలిసిపోతోంది. కాలిఫోర్నియాలో ఇంటి పనికి కాంట్రాక్టర్ తీసుకోగలిగిన అడ్వాన్స్ మొత్తం బిల్లులో పది శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది, అంతకు మించి అడగడమే చట్టవిరుద్ధం. లైసెన్స్ లేనివాళ్లు చేయగలిగిన పని కూడా 2025 జనవరి నుంచి 1,000 డాలర్ల లోపుదే, అదీ పర్మిట్ అక్కర్లేని పనైతేనే. మీ గరాజ్ పని ఎటు చూసినా ఆ లెక్కలోకి రాదు. పైగా లైసెన్స్ లేని మనిషి మీ ఇంట్లో నిచ్చెన మీంచి పడితే, పనివాడికి యజమాని మీరే అన్నట్టు లెక్క మీ మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. రాష్ట్ర కాంట్రాక్టర్ల బోర్డు వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబర్ కొడితే అది నడుస్తోందా లేదా, వర్కర్స్ కాంప్, అంటే పనివాళ్లకి దెబ్బ తగిలితే ఖర్చు భరించే ఇన్సూరెన్స్ ఉందా లేదా వెంటనే కనపడుతుంది, ఎవర్ని పెట్టుకున్నా ముందు ఆ పని చేయండి.

ఇక అసలు విషయం. బయటికి కనపడకపోతే పర్మిట్ అక్కర్లేదనేది మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట, అందులో నిజం లేదు. గరాజ్ అంటే బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులు ఉండే చోటు కాదు, దాన్ని గదిగా మార్చడమంటే ఇంట్లో ఒక భాగం వాడకాన్నే మార్చడం, దానికి బిల్డింగ్ పర్మిట్ కావాలి, కొత్త వైరింగ్‌కీ మినీ స్ప్లిట్ ఏసీకీ కూడా పర్మిట్ కావాలి.

పర్మిట్ అంటే కాగితం కోసం సిటీకి డబ్బు కట్టడం అని చాలామంది అనుకుంటారు గానీ మీకు పనికొచ్చేది ఆ కాగితం కాదు, షీట్‌రాక్ కొట్టకముందు సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి గోడ లోపల చూడడం. ఫ్రేమింగ్, వైరింగ్ అయ్యాక ఒకసారి, ఇన్సులేషన్ పెట్టాక ఒకసారి, ఆ తర్వాతే గోడ మూయాలి, చివర్లో ఫైనల్. ఇవి కాకుండా మూసేస్తే, రేపు సిటీకి తెలిస్తే మూసిన గోడ మళ్లీ విప్పి చూపించమంటారు.

మీ గరాజ్‌లోకి వెళ్లి నేల మీద ఒక గోళీ పెట్టి చూడండి, డోర్ వైపు దొర్లిపోతుంది. కారు నుంచి కారిన పెట్రోలూ వాన నీళ్లూ బయటికి పోవాలని అడుగుకి దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు వాటం పెడతారు, అంటే ఇరవై అడుగుల పొడవుకి రెండున్నర అంగుళాల తేడా. దాని మీద నేరుగా లామినేట్ పరిస్తే కుర్చీ చక్రాలు మిమ్మల్ని రోజంతా డోర్ వైపు లాక్కెళ్తుంటాయి. ఆ కాలం నాటి గరాజ్ స్లాబ్ కింద చాలాచోట్ల ప్లాస్టిక్ షీట్ కూడా ఉండదు, నేల చెమ్మ పైకొచ్చి ఫ్లోరింగ్ ఉబ్బుతుంది. లెవెల్ చేయడం, చెమ్మ ఆపడం రెండూ చేశాకే మిగతా ఏదైనా.

కిటికీల లెక్క ఒకటి ఉంది. ఇరవై బై ఇరవై గరాజ్ అంటే 400 చదరపు అడుగులు, అందులో ఎనిమిది శాతం అద్దం ఉండాలి, నాలుగు శాతం తెరుచుకోవాలి, అంటే 32 చదరపు అడుగుల అద్దం, 16 చదరపు అడుగుల తెరిచే భాగం. అంత పెట్టలేకపోతే లైట్లూ ఫ్యానుతో వెంటిలేషనూ లెక్క కట్టి చూపించాలి. కనీసం ఏడడుగుల సీలింగ్, చలికాలంలో గది 68 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరగలిగే హీటింగ్, గోడ పొడవునా ఎక్కడ నిలబడ్డా ఆరడుగుల లోపు ప్లగ్ పాయింట్, ఇవన్నీ తప్పవు. కాలిఫోర్నియా ఎనర్జీ కోడ్ వేరే కాబట్టి ఇన్సులేషన్ దగ్గర బేరం కుదరదు.

రెండు చోట్ల మాత్రం మీరు స్వయంగా చూసుకోండి. ఒకటి గ్యాస్ వాటర్ హీటర్. చాలా ఇళ్లలో అది గరాజ్‌లోనే ఉంటుంది, మండడానికి కావాల్సిన గాలి గరాజ్ సందుల్లోంచి తీసుకుంటుంది. మీరు ఆ సందులన్నీ మూసి చక్కగా ఇన్సులేషన్ చేశారనుకోండి, దానికి గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ మీరు కూర్చున్న గదిలోకే వస్తుంది, వాసన కూడా ఉండదు. దాన్ని బయటి గాలి తీసుకునే రకానికి మార్చడమో, కరెంటుతో నడిచే హీట్ పంప్ రకం పెట్టడమో చేయాలి. రెండోది గరాజ్ డోర్‌కి అటూ ఇటూ ఉండే సన్నటి గోడ ముక్కలు. చూడ్డానికి ఏమీ కాదనిపిస్తుంది గానీ, భూకంపం వచ్చినప్పుడు మీ ఇంటి ఆ వైపు ఊగకుండా పట్టుకునేవి అవే, భూకంపాలు పుట్టించే హేవార్డ్ ఫాల్ట్ అనే నేల పగులు మీ ఊళ్లోంచే పోతోంది. డోర్ తీసేసి గోడ కట్టేటప్పుడు, లేదా ఆ ముక్కల్లో కిటికీ పెట్టాలనుకున్నప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్ డ్రాయింగ్ లేకుండా రంపం పెట్టనివ్వకండి. కరెంట్ ప్యానెల్ గరాజ్‌లో ఉంటే దాని ముందు మూడడుగులు ఖాళీ వదలాలి, దాని మీద బుక్ షెల్ఫ్ పెట్టి దాచేద్దాం అనుకునేవాళ్లు మనలో చాలామంది.

ఇవన్నీ బిల్డింగ్ కౌంటర్ సంగతులు. వాటికంటే ముందు ప్లానింగ్ కౌంటర్‌కి వెళ్లండి, మనవాళ్లు మర్చిపోయేది ఇదే. చాలా సిటీల్లో ఒక ఇంటికి ఇన్ని కవర్డ్ పార్కింగ్‌లు ఉండాలని జోనింగ్ రూల్ (ఏ స్థలంలో ఏం ఉండొచ్చో చెప్పే సిటీ నిబంధన) ఉంటుంది, గరాజ్ తీసేస్తే ఆ పార్కింగ్ ఇంకెక్కడ చూపిస్తారని అడుగుతారు. ఇక్కడో తమాషా ఉంది. అదే గరాజ్‌ని కిచెన్, బాత్‌రూమ్ పెట్టి ఏడీయూ, అంటే విడిగా ఉండగలిగే చిన్న ఇల్లుగా మారిస్తే, 2020 నుంచి వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమని సిటీ అడగడానికి వీల్లేదు, అప్లికేషన్ పూర్తిగా ఉంటే అరవై రోజుల్లో తేల్చాలి కూడా. ఉత్త ఆఫీసు గదికి ఆ వెసులుబాటు లేదు. అమ్మానాన్నలు ఆర్నెల్లకోసారి వచ్చి ఉండే ఇల్లైతే ఖర్చు ఎక్కువైనా ఏడీయూ లెక్క ఒకసారి వేసి చూడండి. పార్కింగ్ కుదరదు అన్న మాటతో వెనక్కి వచ్చేసేవాళ్లని చూస్తుంటే నాకు అదే బాధ.

అమ్మేటప్పుడు ఏమవుతుందని మీరు అడగలేదు గానీ అది కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేవాళ్లు నింపే డిస్‌క్లోజర్ ఫారంలో పర్మిట్ లేకుండా చేసిన మార్పులు ఉన్నాయా అని సూటిగా ప్రశ్న ఉంటుంది. ఉన్నాయని రాస్తే కొనేవాడు ధర తగ్గించమంటాడు, లేవని రాస్తే తర్వాత కోర్టు. పర్మిట్ తీసుకుంటే ప్రాపర్టీ టాక్స్ కొంచెం పెరిగేది నిజమే, కాకపోతే కొత్తగా చేరిన భాగం విలువకే, మీ ఇల్లు మొత్తాన్ని ఇప్పటి రేటుకి మళ్లీ లెక్క కట్టరు, ఆ భయం వద్దు.

అయినా ఒక్కమాట. మీకు కావాల్సింది ఇద్దరికీ రెండు చోట్లే అయితే, డోర్ అలాగే ఉంచి, గరాజ్‌ని గరాజ్‌గానే వదిలేసి, డబ్బాలు సర్దేసి, ఒక మూల రగ్గు, టేబుల్, పోర్టబుల్ హీటర్ పెట్టుకుని ఒక సీజన్ గడిపి చూడండి. ఫర్నిచర్ పెట్టుకోవడానికి ఎవరి పర్మిట్టూ అక్కర్లేదు. హీటర్‌ని మాత్రం ఎక్స్‌టెన్షన్ కార్డ్‌కి తగిలించకండి, నేరుగా గోడ ప్లగ్‌కే.

ప్రశ్న: మాది టెక్సస్, డాలస్ పక్కన. గరాజ్‌లో సగం అడ్డుగోడ కట్టి ఆఫీసు చేసుకుని సగం కారుకి ఉంచుకుందాం అనుకున్నాం. సిటీలో ఫోన్ చేస్తే అప్లై చేసుకోండి అన్నారు. హెచ్‌వోఏ, అంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వాళ్లు మాత్రం కుదరదని లెటర్ పంపారు. సిటీ ఓకే అన్నాక వీళ్లెవరండీ?

జవాబు: సిటీ వేరు, వాళ్లు వేరు. ఇల్లు కొన్నప్పుడు మీరు సంతకం పెట్టిన డీడ్ రిస్ట్రిక్షన్స్ (ఇంటితో పాటు వచ్చే కాలనీ షరతులు) ప్రైవేటు ఒప్పందం, సిటీ పర్మిట్ ఇచ్చినంత మాత్రాన అది రద్దు కాదు. అప్లై చేసుకోండి అనడం కూడా ఒప్పుకోవడం కాదు కదా. ఆ లెటర్‌లో ఏ నంబర్ క్లాజు రాశారో చూడండి. చాలాసార్లు వాళ్ల అభ్యంతరం రోడ్డు మీదికి కనపడే డోర్ తీసేయడం మీదా, కార్లు వీధిలో పెట్టడం మీదా ఉంటుంది, లోపలి గోడ మీద కాదు. డోర్ అలాగే ఉంటుంది, ఒక కారు లోపలే ఉంటుంది అని డ్రాయింగ్‌తో సహా హెచ్‌వోఏలోని ఆర్కిటెక్చరల్ కమిటీకి రాసి, వచ్చిన జవాబు కాగితం మీద ఉంచుకోండి, ఫోన్లో సరే అన్నారనే మాట పనికిరాదు.

సగం సగం అనుకుంటున్నారు కాబట్టి ఇంకోటి. ఆ అడ్డుగోడ ఇప్పుడు కారుకీ మనిషికీ మధ్య గోడ అవుతుంది. గరాజ్ వైపు కనీసం అరంగుళం షీట్‌రాక్ ఉండాలి, అందులో తలుపు పెడితే బోలు తలుపు పనికిరాదు, సాలిడ్‌గా ఉండాలి. ఏసీ డక్ట్‌కి గరాజ్ వైపు నోరు పెట్టొద్దు, స్టార్ట్ చేసిన కారు పొగంతా మీ టేబుల్ దగ్గరికి వస్తుంది.

ప్రశ్న: గరాజ్ ఆఫీసు ఖర్చు టాక్స్‌లో చూపించుకోవచ్చని ఫ్రెండ్ అంటున్నాడు. నాది డబ్ల్యూ-2 ఉద్యోగం, అంటే కంపెనీ జీతం. నిజమేనా?

జవాబు: మీ ఫ్రెండ్‌కి సొంత కన్సల్టింగ్ ఏదో ఉండి ఉంటుంది, కనుక్కోండి. డబ్ల్యూ-2 వాళ్లకి ఫెడరల్ రిటర్న్‌లో హోమ్ ఆఫీస్ డిడక్షన్ 2018 నుంచి లేదు. సొంత వ్యాపారం ఉన్నవాళ్లకి ఉంది, ఆ చోటు క్రమం తప్పకుండా ఆ పనికే వాడాలి, పక్కనే పిల్లల పింగ్‌పాంగ్ టేబుల్ ఉంటే ఆ భాగం లెక్కలోకి రాదు. సింపుల్ పద్ధతిలో చదరపు అడుగుకి 5 డాలర్లు, 300 చదరపు అడుగుల దాకా, అంటే ఏడాదికి గరిష్ఠంగా 1,500. మీరు కాలిఫోర్నియాలో ఉంటే పనికి తప్పనిసరైన ఖర్చులు కంపెనీయే ఇవ్వాలని అక్కడి లేబర్ కోడ్ చెప్తుంది, టాక్స్ కంటే ముందు హెచ్‌ఆర్‌ని అడగండి.

ప్రశ్న: అన్నా, మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. రెండొందల గజాల్లో స్టిల్ట్ మీద రెండంతస్తుల ఇల్లు మాది. కింద పార్కింగ్‌ల సగం ఖాళీగనే ఉంటది. మా వాడు సీఏ పాసైండు, అక్కడ రెండు గోడలు కట్టి, షటర్ పెట్టి ఆఫీసు తెరుస్తా అంటున్నడు. మా గల్లీల అందరు గిట్లనే కట్టుకున్నరు, ఎవ్వరు అడుగలే. మేం కట్టుకుంటే ఏమైతది?

జవాబు: ముందు బాబుకి కంగ్రాచ్యులేషన్స్ చెప్పండి. ఎవ్వరూ అడగకపోవడమూ పర్మిషన్ ఉండడమూ ఒకటి కాదన్నా, పక్కింటాయనతో ఒక్కసారి మాట తేడా వస్తే కంప్లైంట్ పోతుంది, ఆ రోజు గల్లీలో మిగతావాళ్లు మీకు సాక్ష్యం రారు. మీ శాంక్షన్ ప్లాన్ తీసి చూడండి, స్టిల్ట్ దగ్గర పార్కింగ్ అనే రాసి ఉంటుంది. ఆ చోటు అందుకని వదిలినందుకే మీకు పైన అంతస్తులు ఇచ్చారు, దాన్ని మూస్తే ప్లాన్ తప్పినట్టే. 2020 తర్వాత టీఎస్-బీపాస్‌లో, అంటే తెలంగాణ ఆన్‌లైన్ బిల్డింగ్ పర్మిషన్ పద్ధతిలో సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో తీసుకున్న పర్మిషన్ అయితే ఇంకా జాగ్రత్త, ప్లాన్ ప్రకారమే కడతామని సంతకం పెట్టింది మీరే, తప్పితే నోటీసు లేకుండా కూలగొట్టే అధికారం ఆ చట్టంలో ఉంది. రెండు గోడలే కదా అని మేస్త్రీ చెప్తాడు, మేస్త్రీకి ఏం పోతుంది.

2020 అక్టోబర్ వానల్లో సెల్లార్లు, స్టిల్టుల్లోకి నీళ్లొచ్చి ఎన్ని కార్లు మునిగాయో మీకు గుర్తుండే ఉంటుంది. క్లయింట్ల ఫైళ్లు, కంప్యూటర్లు పెట్టుకునే చోటు అదేనా?

ఫస్ట్ ఫ్లోర్‌లో రోడ్డు వైపు గది అబ్బాయికి ఇచ్చేసి, మెట్లు ఎక్కి నేరుగా ఆ గదిలోకి వచ్చేలా తలుపు పెట్టించండి. క్లయింట్లు వచ్చిపోయే ఆఫీసు కాబట్టి కరెంటు మీటర్ ఆ గదికి వేరే తీసుకోండి, ఇంటి కేటగిరీ మీద ఆఫీసు నడిపితే తనిఖీలో బ్యాక్ బిల్లింగ్, అంటే పాత నెలల తేడా కూడా కలిపి వేస్తారు. ఆ భాగానికి ప్రాపర్టీ టాక్స్ నాన్ రెసిడెన్షియల్ కింద పెరుగుతుంది, అది కట్టక తప్పదు. బోర్డు పెట్టేముందు వార్డు ఆఫీసులో ట్రేడ్ లైసెన్స్ సంగతి కూడా అడిగి రమ్మనండి, సీఏనే కదా, ఆ కాగితాలు మీకంటే బాగా చదువుతాడు.