స్కూల్ బౌండరీ కోసం మూడు అప్పులా?

నార్త్ కరొలినా నుంచి, మోరిస్‌విల్ దగ్గర టౌన్‌హోమ్‌లో ఉండే ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది. వేక్ కౌంటీ వచ్చే ఏడాదికి తయారుచేసిన స్కూల్ ప్లాన్ డ్రాఫ్ట్‌లో వీళ్ల కాలనీని ఇప్పుడున్న ఎలిమెంటరీ నుంచి తీసి ఇంకో స్కూల్‌కి కలిపారు. అక్కడ ఏ కాలనీ పిల్లలు ఏ ప్రభుత్వ స్కూల్‌కి వెళ్లాలో అడ్రస్‌ని బట్టి నిర్ణయిస్తారు, ఆ హద్దునే బౌండరీ అంటారు. పాప రెండో తరగతి, బాబు వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్. ఇప్పటి స్కూల్లో పిల్లలు ఎక్కువై ఆవరణలో ట్రైలర్లు పెట్టి క్లాసులు నడుపుతున్నారు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవే. అందుకని "మంచి స్కూల్" ఉన్న ఏరియాలో 7,80,000 డాలర్ల ఇల్లు చూశారు. డౌన్ పేమెంట్‌కి 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) నుంచి 50 వేలు అప్పు, టౌన్‌హోమ్ మీద హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు) 80 వేలు, విజయవాడలో నాన్నగారు చిట్టీ పాడి పంపే 22 లక్షల రూపాయలు, అంటే సుమారు 25 వేల డాలర్లు. టౌన్‌హోమ్‌ని అద్దెకిస్తారట. సేవింగ్స్‌లో 14 వేలున్నాయి. "హెలాక్ ముందు తీసుకోవాలా, 401కె లోన్ ముందా?" అన్నది ప్రశ్న.

రెండూ వద్దు. నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి ఈ నెల చిట్టీ పాడొద్దని కూడా చెప్పండి.

సాధారణంగా ఇల్లు కొనాలా వద్దా అనే ఉత్తరాలకు నేను జవాబు రాయను, ఎవరి లెక్క వాళ్లది. కానీ ఈ స్కూల్ బౌండరీ భయంతో కొనేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, అందరూ చేస్తున్న తప్పు ఒకటే. ఈ కొనుగోలులో బౌండరీ మీ సొంతం కాదు. మీకొచ్చేది ఇల్లు, బౌండరీ మాత్రం స్కూల్ బోర్డు చేతిలో ఉంటుంది. వేక్ కౌంటీ జనాభా 2010లో 9 లక్షలు, 2020 జనగణన నాటికి 11 లక్షల 29 వేలు. జనం ఇలా పెరుగుతుంటే కొత్త స్కూళ్లు కడతారు, కట్టిన ప్రతి స్కూల్‌నీ నింపడానికి చుట్టుపక్కల కాలనీలను కదుపుతారు. ఇవాళ మీ టౌన్‌హోమ్‌కి జరిగినదే రేపు ఆ 7,80,000 ఇంటికీ జరగొచ్చు.

పైగా మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, మీరు దాన్ని అంతగా పట్టించుకున్నట్టు లేదు. "ఆ స్కూల్‌కి క్యాప్ పెట్టారంటున్నారు, కానీ మేం ఆ ఏరియాలోనే ఉంటాం కదా" అన్నారు. క్యాప్ ఉన్న స్కూల్ అంటే, క్యాప్ పెట్టిన తేదీ తర్వాత ఆ అడ్రస్‌కి వచ్చిన కుటుంబాల పిల్లలను ఓవర్‌ఫ్లో స్కూల్‌కి పంపొచ్చు. ఆ ఇంటి కిటికీలోంచి స్కూల్ కనబడుతున్నా సరే, సీటు ఖాళీ అయ్యేదాకా మీ బాబు బస్సెక్కి ఇంకెక్కడికో వెళ్తాడు. ఏజెంట్ ఈ సంగతి చెప్పారా? ఏ స్కూల్‌కి క్యాప్ ఉందో, దాని ఓవర్‌ఫ్లో ఏదో స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లే ప్రకటిస్తారు, చూసుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ పది నిమిషాల పని చేయకుండా లక్షన్నర డాలర్లు అప్పు చేయడానికి సిద్ధపడ్డారు.

సరే, స్కూల్ సంగతి పక్కన పెడదాం, నాకు అసలు భయం ఇంకోటి. మీవారిది కంపెనీ స్పాన్సర్ చేసే హెచ్-1బి వర్క్ వీసా, మీది ఆయన వీసా మీద ఆధారపడిన హెచ్-4, దానితో వచ్చిన ఈఏడీ అనే పని అనుమతి, మీరు ఉద్యోగం క్రితం ఏడాదే మొదలుపెట్టారు. "ఇద్దరి జీతాలూ ఉన్నాయి కాబట్టి రిస్క్ లేదు" అని రాశారు. ఇద్దరి జీతాలూ ఒకే గుంజకు కట్టి ఉన్నాయండీ. ఆయన ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఈలోపు ఏ కంపెనీ పిటిషన్ వేయకపోతే ఆయన స్టేటస్‌తో పాటు మీ హెచ్-4, దాని మీద ఆధారపడిన ఈఏడీ కూడా పోతాయి. గ్రీన్‌కార్డో సిటిజన్‌షిప్పో ఉన్నవాళ్లకు మూడు నుంచి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలని పుస్తకాల్లో రాస్తారు. మీలాంటి కుటుంబానికి నేను ఎనిమిది నెలలు అంటాను, ఈ విషయంలో బేరం లేదు.

మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేశాను. ఇద్దరికీ కలిపి నెలకు చేతికొచ్చేది 11,200. ఇప్పుడున్న తప్పనిసరి ఖర్చు, టౌన్‌హోమ్ వాయిదా, డేకేర్, కార్లు, ఇంటికి పంపేది అన్నీ కలిపి 6,500. కొత్త ఇంటికి 6,24,000 లోన్ 6.5 శాతం వడ్డీకి దొరికినా, పన్ను, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (కాలనీ అసోసియేషన్ ఫీజు) కలుపుకుంటే నెలకు సుమారు 4,700. హెలాక్‌కి వడ్డీ మాత్రమే కట్టినా 500 పైన, అది కూడా ఫ్లోటింగ్. 401కె లోన్ ఐదేళ్లకైతే వెయ్యి దాటుతుంది. టౌన్‌హోమ్ అద్దె 2,200 ఒక్క నెల కూడా ఆగకుండా వచ్చిందనుకుందాం. నెలాఖరుకి మిగిలేది 650. ఇందులోంచి చిట్టీ డబ్బు నాన్నగారికి నెలనెలా మీరే పంపాలి కదా, అది 500 పైచిలుకు. ఇక మిగిలింది నూటయాభై. టౌన్‌హోమ్‌లో వాటర్ హీటర్ పాడైతే క్రెడిట్ కార్డే గతి.

క్లోజింగ్ కాస్ట్, అంటే ఇల్లు చేతులు మారేటప్పుడు కట్టే ఫీజులు, మీ లెక్కలో ఎక్కడా లేదు. 2 శాతమే అనుకున్నా 15,600. మీ సేవింగ్స్ 14 వేలు. అంటే తాళాలు చేతికొచ్చే రోజున మీ ఎమర్జెన్సీ ఫండ్ సున్నా కాదు, సున్నాకి కింద ఉంటుంది.

ఇక ఆ 401కె లోన్. "మన డబ్బు మనమే తీసుకుని మనకే వడ్డీ కట్టుకుంటాం" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం నిజమే. ఉద్యోగం పోతే బాకీ ఉన్న మొత్తాన్ని చాలా ప్లాన్లు విత్‌డ్రాయల్ కింద లెక్కేస్తాయి. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోపు అంత డబ్బు ఎక్కడి నుంచో తెచ్చి ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంట్ ఖాతాలో వేయకపోతే దాని మీద ఆదాయపు పన్ను, పైన 10 శాతం పెనాల్టీ. అంటే మీకు డబ్బు అత్యవసరమైన నెలల్లోనే ఈ లోన్ మీ మెడకు చుట్టుకుంటుంది. హెలాక్ కూడా అంతే, మార్కెట్ బాగోలేనప్పుడు బ్యాంకు ఆ లైన్‌ని ఆపేయగలదు. "అవసరమొస్తే హెలాక్ ఉందిగా" అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

చిట్టీ గురించి ఒక్క మాట. డౌన్ పేమెంట్‌లో ఇంటివాళ్ల డబ్బు ఉంటే లెండర్ గిఫ్ట్ లెటర్ అడుగుతాడు, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు అని మీ నాన్నగారు సంతకం పెట్టాలి. మీరు నెలనెలా తిరిగి పంపుతారు కాబట్టి అది గిఫ్ట్ కాదు. వీసా మీద ఉన్నవాళ్లు మార్ట్‌గేజ్ కాగితాల్లో అబద్ధం రాయడం ఎంత తెలివితక్కువ పనో నేను విడమరచి చెప్పక్కర్లేదు. ఇండియా నుంచి పంపేటప్పుడు 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను బ్యాంకు ముందే పట్టుకుంటుంది, అది తర్వాత ఆయన రిటర్న్‌లో సర్దుబాటైనా ముందు ఆయన జేబులోంచే పోవాలి. పాటలో పోయేది ఎలాగూ పోతుంది.

ఇన్సూరెన్స్ అడిగితే "ఆఫీసులో ఉంది" అన్నారు. ఆఫీసుది ఆఫీసుతోనే పోతుంది. ఇద్దరికీ సొంతంగా టర్మ్ పాలసీ, మీవారికి కనీసం ఇల్లు బాకీ తీరి పిల్లలు కాలేజీ దాటేంత మొత్తానికి, ఈ నెలలోనే అప్లై చేయండి. ఉద్యోగం పోతే హెల్త్ ఇన్సూరెన్స్‌ని కోబ్రా అనే చట్టం కింద కొనసాగించుకోవచ్చు కానీ కంపెనీ కట్టే వాటా కూడా మీరే కట్టాలి, కుటుంబానికి నెలకు 2 వేలు దాటడం మామూలే. నేను ఎనిమిది నెలలు అన్నది ఊరికే కాదు.

స్కూల్ విషయంలో, పాపని ఇప్పటి స్కూల్లోనే ఉంచడానికి స్టెబిలిటీ ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేయండి, సాధారణంగా బస్సు ఇవ్వరు, మీరే దింపాలి. బాబుకి అది వర్తిస్తుందో లేదో నియమాలు చదవండి, బౌండరీతో పనిలేకుండా అప్లికేషన్ మీద చేర్చుకునే మాగ్నెట్ స్కూల్‌కి కూడా ఒకటి పడేయండి. బోర్డు మీటింగ్‌కి వెళ్లి మాట్లాడండి, వాట్సాప్‌లో అరిచేదానికంటే అది నయం. కొత్తగా కలుపుతున్న స్కూల్‌కి ఒకసారి వెళ్లి చూశారా? ఉత్తరం మొత్తంలో దాని గురించి రేటింగ్ అంకె తప్ప ఇంకేమీ లేదు.

నెలకు 6,500 చొప్పున ఎనిమిది నెలలకు మీకిప్పుడు కావలసింది 52 వేలు, 14 ఉన్నాయి. తప్పనిసరివీ మిగతావీ ఇప్పటి ఖర్చులన్నీ పోను నెలకు 2,700 దాకా పక్కన పెట్టగలరు, బాబు డేకేర్ మానేశాక ఇంకొంచెం ఎక్కువ, కాబట్టి ఏడాదిన్నర కూడా పట్టదు. తక్కువ వడ్డీ ఉన్న టౌన్‌హోమ్ లోన్‌ని కదపకండి. ఆ 52 వేలు ఖాతాలో కనబడ్డాక, కార్ల లోన్లలో ఒకటి తీరిపోయాక, కావాలంటే అప్పుడు మళ్లీ రాయండి. అప్పటికి పాప నాలుగో తరగతికి దగ్గర పడుతుంది, ఎలిమెంటరీ ఐదుతో అయిపోతుంది, బహుశా మీరు మిడిల్ స్కూల్ బౌండరీ గురించి అడుగుతారు.