చిత్రికను ఇంట్లో చేసుకోవడం: కర్ర ఎంపిక, మూతిలో పొట్టు ఇరుక్కోవడానికి కారణం

కర్రను నునుపు చేసే పనిముట్టు అయిన చిత్రికను సొంతంగా చేసుకోవడానికి ఏ కర్ర మంచిది, మీరు చేసుకున్న దాని మూతిలో, అంటే అడుగున బ్లేడు పదును బయటికి వచ్చే సందులో, పొట్టు ఎందుకు ఇరుక్కుంటోంది అని అడిగారు. కొన్నేళ్లుగా నేను వాడుతున్నవన్నీ నా చేతులతో చేసుకున్న చిత్రికలే కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను.

టేకు సులువుగా దొరికినా, గట్టి కర్రల మీద వాడితే మూతి అంచు త్వరగా అరుగుతుంది. పైగా అందులోని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు. నేను నల్లతుమ్మ చేవనే, అంటే మాను నడిమి గట్టి చెక్కనే, ఎంచుకుంటాను. నాగళ్లకూ బండి చక్రాలకూ మన పల్లెల్లో వాడుతూ వచ్చిన ఆ కర్రకు బరువూ గట్టిదనమూ రెండూ ఉన్నాయి. పురుగు పట్టే తెల్లచెక్కను పూర్తిగా తీసేసి, బాగా ఆరిన దిమ్మెను బెరడు వైపు అడుగుకు వచ్చేలా పెట్టుకోండి.

ఒకే దిమ్మెను ఉలితో తొలిచి బ్లేడు కూర్చునే గూడు చేయడం చేయి తిరిగిన వడ్రంగులు చేసే పని. కొత్తవారికి, కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్‌లో 1981 నుంచి వడ్రంగం నేర్పిన జేమ్స్ క్రెనోవ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి సులువు. సుమారు 250 మి.మీ. పొడవున్న దిమ్మె నుంచి రెండు పక్కలా 10 మి.మీ. మందం పలకలను నిలువుగా కోసి తీసి, మధ్య భాగాన్ని 45 డిగ్రీల వాలులో కోసి, పొట్టు బయటికి వచ్చే దారిని వదిలి, పలకలను మళ్లీ అతికించడమే ఆ పద్ధతి. నార అటూ ఇటూ తిరిగిన కర్రను నునుపు చేయాలనుకుంటే వాలును 50 డిగ్రీలు పెట్టండి.

అతికించే ముందే, బ్లేడు ఆనే వాలును ఓపికగా సరిచూడాలి. బ్లేడు వెనుక దీపపు మసి పలుచగా రాసి వాలుకు అద్దితే మిట్టగా ఉన్న చోట్లే నల్లబడతాయి. వాటిని మాత్రమే ఉలి అంచుతో గీకి, మూతిని ఆనుకున్న అంచు పొడవునా మసి అంటేదాకా మళ్లీ మళ్లీ అద్దాలి. అక్కడ ఏ కాస్త సందు మిగిలినా బ్లేడు అదిరి కర్ర మీద గీట్లు పడతాయి.

ఇక పొట్టు సంగతి. బ్లేడును బిగించే చెక్క కింది కొన, బ్లేడు మీద వెంట్రుకవాసి సందు కూడా లేకుండా ఆనాలి. సందు ఉంటే మొదటి పొట్టు పొర అందులో దూరి, వెనకాల వచ్చేదంతా దాని మీద పేరుకుంటుంది. ఈసారి ఇరుక్కున్నప్పుడు పొట్టును లాగేయకుండా ఆ చెక్కను మెల్లగా వదులు చేసి చూడండి. కొన కింద మడతపడిన పొర కనిపిస్తే కారణం అదే. కొనను పలుచగా, పొట్టు జారిపోయేలా వాలుగా చెక్కండి. మూతిని మాత్రం తొందరపడి వెడల్పు చేయకండి: సన్నని పొట్టుకు అర మి.మీ. చాలు, అంతకు మించి కావలసివస్తే ఆకురాయితో కొద్దికొద్దిగా తెరవవచ్చు.

చివరగా అడుగును, గాజుపలక మీద పరిచిన గరుకు కాగితంపై చదును చేయాలి. అప్పుడు బ్లేడును పని చేసేటప్పుడున్నంత బిగుతుగానే ఉంచి, దాని పదునును మాత్రం లోపలికి లాగండి, ఎందుకంటే ఆ బిగింపు ఒత్తిడికే అడుగు కొద్దిగా వంగుతుంది. వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి అడుగును మళ్లీ సరిచూసుకోండి.