లిగమెంట్ ఆపరేషన్ అయిన లాబ్రడార్‌కి చెరువులో ఈత సరిపోతుందా?

మీ నాలుగేళ్ల లాబ్‌కి మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయింది, డాక్టర్ హైడ్రోథెరపీ (నీళ్లలో చేయించే వ్యాయామం) చేయించమన్నారు, అంత ఖర్చు పెట్టే బదులు ఊళ్లో చెరువులో ఈత కొట్టిస్తే చాలదా అని అడిగారు. చాలదండీ. రెండేళ్ల కింద మా లాబ్ సిరికి కూడా ఇదే ఆపరేషన్ అయింది. మీలాగే ఆలోచించి ఒక పొరపాటు చేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆపరేషన్ తర్వాత సిరి కాలు నేల మీద పెట్టేది కాదు. ఆపరేషన్‌లో కోసిన ఎముక అతుక్కుంటోందని ఎక్స్‌రేలో కనిపిస్తున్నా మూడు కాళ్ల మీదే కుంటుకుంటూ తిరిగేది. కుట్లు తీసి గాయం పూర్తిగా ఆరాక, మూడో వారంలో నీళ్ల ట్రెడ్‌మిల్ మొదలుపెట్టాం. ఐదో వారంలో మాకు ప్రయాణం పడి సెషన్లు ఆగిపోయాయి. ఎలాగూ నీళ్లే కదా అని మా మావయ్య తోటలో ఉన్న పెద్ద తొట్టిలో దింపాను. లాబ్ కదా, హుషారుగా ఈదింది. నాకూ సంతోషమేసింది. మర్నాడు పొద్దున చూస్తే ముందు కాళ్లు, భుజాలు పట్టేసి లేవలేకపోయింది.

తిరిగి వెళ్లాక, నేను తీసిన వీడియో చూసి థెరపిస్ట్ విషయం చెప్పింది. ఈదేటప్పుడు కుక్క ఎక్కువగా ముందు కాళ్లతోనే లాక్కుంటూ పోతుంది. వెనక కాళ్లు, అందులోనూ నొప్పి ఉన్న కాలు, ఊరికే వేలాడుతూ వస్తుంది. వీడియోలో అది స్పష్టంగా కనిపిస్తోంది. అంతసేపూ ఆనందంగా చూసిన నేను ఆ కాలు వంక చూడనే లేదు. పైగా ఈతలో పాదానికి నేల తగలదు. మన కుక్క మళ్లీ నేర్చుకోవాల్సిందేమో ఆ కాలి మీద బరువు మోపడం.

ట్రెడ్‌మిల్‌లో జరిగేది ఇదే. అద్దాల పెట్టెలో కుక్కను నిలబెట్టి నెమ్మదిగా నీళ్లు నింపుతారు, కింద బెల్టు కదులుతుంది. నీళ్లు మోకాలి దాకా ఉంటే కాళ్ల మీద బరువు పెద్దగా తగ్గదు, సుమారు 85 శాతం పడుతూనే ఉంటుంది. తుంటి దాకా నింపితే 40 శాతం లోపే పడుతుంది. అంటే లోతు మార్చి, ఆ కాలికి ఈ వారం ఎంత బరువు ఇవ్వాలో నిర్ణయించవచ్చు. చెరువులో ఆ వీలు లేదు. నీళ్ల ఒత్తిడికి వాపు కొంచెం తగ్గుతుంది. నీళ్లు గోరువెచ్చగా, 30 డిగ్రీల దగ్గర ఉంచుతారు కాబట్టి కండరాలు బిగుసుకోవు.

మొదటి రోజు సిరి వణికిపోయింది. థెరపిస్ట్ తను కూడా లోపలికి దిగి వెనకాల కూర్చుంది. నేను ముందు నిలబడి ఉడికించిన చికెన్ ముక్కలు చూపిస్తున్నాను. బెల్టు కదిలింది. మూడు కాళ్లు నడుస్తున్నాయి, నాలుగోది మడిచే ఉంది. అప్పుడు ఆవిడ నీళ్లలో చెయ్యి పెట్టి ఆ పాదాన్ని పట్టుకుని, ఒక్కో అడుగూ బెల్టు మీద ఆనించింది. అలా పది పన్నెండు అడుగులయ్యాక చెయ్యి తీసేసింది. తర్వాతి అడుగుకి సిరి వేళ్లు విచ్చుకుని వాటంతటవే బెల్టు మీద ఆనాయి. అద్దంలోంచి ఆ పాదం చూసి నాకు ఏడుపొచ్చేసింది. ఆ రోజు నడిచింది మొత్తం మూడు నిమిషాలే, మధ్యలో రెండుసార్లు ఆపి.

వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు వెళ్లాం. సెషన్‌కి మాకు 1500 రూపాయలు పడింది. భారమే, కాదనను. రోజూ చూసేవాళ్లకి తేడా తెలియదు కాబట్టి ఒక టైలర్ టేపు కొనుక్కోండి. రెండు తొడల చుట్టుకొలత పది రోజులకోసారి ఒకే చోట, ఒకే మనిషి కొలిచి రాసుకోవాలి. మొదట్లో సిరి మంచి కాలు 42 సెంటీమీటర్లు, ఆపరేషన్ కాలు 37. చివరికి అది 40కి వచ్చింది. మిగతాది ఇంటి దగ్గర ఏటవాలు రోడ్డు మీద తాడు పట్టుకుని నెమ్మదిగా నడిపిస్తే వచ్చింది.

చేరేముందు మీ సర్జన్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. సర్జన్ నోట్ అడగకుండా, కాలు చెయ్యి పెట్టి చూడకుండా నేరుగా నీళ్లలో దింపే చోటు అయితే వెనక్కి వచ్చేయండి. మేం మొదట వెళ్లిన చోటు అలాంటిదే, పేరు అనవసరం. గాయం తడిగా ఉన్నా, చర్మానికో చెవులకో ఇన్ఫెక్షన్ ఉన్నా, విరేచనాలవుతున్నా ఆ రోజు మానేయాలి. గుండె జబ్బు, ఫిట్స్ ఉంటే ముందే చెప్పాలి.

వెళ్లే ముందు రెండు మూడు గంటలు తిండి పెట్టకండి, కాసేపు తిప్పి మల మూత్రాలు కానివ్వండి. పాత తువ్వాళ్లు రెండు పట్టుకెళ్లండి. లాబ్‌ల చెవులు వేలాడుతుంటాయి కదా, లోపల తడి నిలిచిపోతుంది. ఇంటికి రాగానే చెవి పైకెత్తి దూదితో తుడిచి కాసేపు ఆరనివ్వండి. మాకు నాలుగో సెషన్ తర్వాత చెవి నొప్పి వచ్చి వారం పోయింది.

మీ వాడిది ఏ రకం ఆపరేషనో, ఎన్నో వారమో రాయండి. మేం ఇంట్లో చేయించిన వ్యాయామాలు కూడా చెబుతాను.