సేవ కోసం పరుగు సరే, అప్పు చేసి విరాళమా?

ప్రశ్న: నా వయసు 58. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, ఇంకో 20 నెలల్లో రిటైర్మెంట్. బీపీ వచ్చాక డాక్టరు చెబితే నడక మొదలుపెట్టాను, అది పరుగైంది. వచ్చే జనవరిలో ముంబయి మారథాన్‌లో పరిగెత్తి, క్యాన్సర్ బారినపడ్డ పిల్లలకు సాయం చేసే సంస్థకు రూ.5 లక్షలు సేకరిస్తానని మాటిచ్చాను. ఇప్పటివరకు రూ.1.9 లక్షలే వచ్చాయి. మిగతా రూ.3.1 లక్షలు మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకుని నేనే కట్టేద్దామనుకుంటున్నా. విరాళం కాబట్టి ఆదాయపు పన్ను 80జీ సెక్షన్ కింద పన్ను కూడా కలిసొస్తుంది కదా? జీతం ఏడాదికి రూ.11.4 లక్షలు, నెలకు చేతికి రూ.85 వేలు. ఇంటి ఖర్చు రూ.47 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ రూ.18 వేలు. బ్యాంకులో రూ.1.2 లక్షలున్నాయి. నాకూ మా ఆవిడకూ ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిందే.

జవాబు: 58 ఏళ్ల వయసులో 42.195 కిలోమీటర్లకు సిద్ధమవుతున్నారంటే మీ పట్టుదలకు నమస్కారం. కానీ ఆ లోన్ తీసుకోకండి. మంచి పని కోసమే కదా అని అప్పు చేసి, ఆనక ఇబ్బందిపడి ఉత్తరాలు రాసేవారు చాలామందే ఉన్నారు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 14 శాతం వడ్డీకి రూ.3.1 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు రూ.10,600 కట్టాలి. మూడేళ్లలో వడ్డీయే రూ.71 వేలు దాటుతుంది. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా పిల్లలకు చేరదు. పైగా 36 వాయిదాల్లో 16 మీ జీతం ఆగిపోయాక కట్టాల్సినవి. ఇక పన్ను సంగతి. కొత్త ఆదాయపు పన్ను విధానంలో మీ జీతానికి పన్నే పడదు, ఆ విధానంలో 80జీ వర్తించదు కూడా. లేని పన్నులో మిగిలేదేముంటుంది? మీ ఆవిడ నగల మీద గోల్డ్ లోన్, క్రెడిట్ కార్డు ఆలోచనలుంటే అవీ మానుకోండి. కార్డు బాకీకి నెలకే మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది.

మీరు ఒప్పుకున్నది సేకరించడానికి. తక్కువపడింది మీ జేబులోంచి పూడ్చడానికి కాదు. బ్రిటన్‌లో స్థిరపడ్డ పంజాబీ పరుగువీరుడు ఫౌజా సింగ్ 2000లో లండన్‌లో, 89 ఏళ్ల వయసులో, తొలి మారథాన్ పూర్తిచేశారు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల కోసం పనిచేసే సంస్థ తరఫున పరిగెత్తారు. ఆయన ఇచ్చింది తన పరుగు. దాన్ని చూసి డబ్బులిచ్చింది జనం. మీరూ ఇప్పుడే సంస్థకు ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి. ఫలానా మొత్తం తేవాలన్న షరతు మీద బిబ్ (పరుగులో పాల్గొనే నంబరు పట్టీ) తీసుకుని ఉంటే ఆ కాగితం మళ్లీ చదివి, గడువు, మినహాయింపు అడగండి. మీ కంపెనీ ఉద్యోగుల విరాళాలకు సమానంగా తన వాటా కలుపుతుందేమో హెచ్‌ఆర్‌లో కనుక్కోండి. విరాళాలు మీ ఫోన్‌పేకి వచ్చి ఉంటే వెంటనే, ఇచ్చినవాళ్ల పేర్లతో సహా సంస్థకు పంపేయండి. లేకపోతే రసీదు మీ పేరున వస్తుంది.

అసలు నన్ను కలవరపెట్టింది మీ ఉత్తరంలోని చివరి వాక్యం. కంపెనీ బీమా రిటైర్మెంట్‌తోనే పోతుంది. నాకు తెలిసిన ఒకాయన రిటైరైన మూడో వారంలోనే గుండెకు స్టెంట్ వేయించుకోవాల్సి వచ్చింది. సొంత పాలసీ లేదు. అమ్మాయి పెళ్లికని దాచిన డబ్బు ఆసుపత్రికి కట్టారు. ఆ రోజు వాళ్ల ఇంట్లో కూర్చున్నాను, ఇప్పటికీ మరచిపోలేదు.

మీకు బీపీ ఉంది. అలాంటి పాత జబ్బులకు బీమా కంపెనీలు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు. ఇప్పుడే తీసుకుంటే 61 ఏళ్లకు అది తీరిపోతుంది. రిటైరయ్యాక చూద్దాంలే అంటే 63 దాకా భయంభయంగా గడపాలి. మోకాలి మార్పిడికి కూడా చాలా పాలసీల్లో రెండేళ్లో మూడేళ్లో ఆగాలి, పరిగెత్తేవారు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. ప్రపోజల్ ఫారంలో బీపీ సంగతి దాచకండి, క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు, ఆ మేరకు భారం తగ్గింది. కంపెనీ పాలసీనే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందా అన్నదీ అడగండి.

రెండోది అత్యవసర నిధి. నెలకు రూ.65 వేల చొప్పున ఆరు నెలలకు రూ.3.9 లక్షలు కావాలి. మీ దగ్గరున్నది రూ.1.2 లక్షలు. ఈఎంఐ ఉన్న ఇంట్లో రెండు నెలలు కూడా గడవని డబ్బుతో రిటైర్మెంట్‌లోకి వెళ్లకూడదు. నెలకు రూ.13,500 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 20 నెలల్లో రూ.2.7 లక్షలు జమై, లోటు తీరుతుంది. ఇంకా రూ.6,500 మిగులుతుంది, ప్రీమియానికి అది వాడండి. పర్సనల్ లోన్ తీసుకుంటే ఈ రెండూ కుదరవు. పీఎఫ్ జోలికి వెళ్లకండి. మ్యూచువల్ ఫండ్లు, హోమ్ లోన్ ముందుగా తీర్చడం లాంటివి ఈ నిధి నిండాక చూద్దాం.

శిక్షణ పెంచే ముందు డాక్టరు దగ్గర టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష) చేయించుకోండి. బీమా ప్రపోజల్ ఈ నెలలోనే పెట్టండి. పాలసీ చేతికొచ్చాక ఆ కార్డు ఒకటి మీ ఆవిడ ఫోన్లో, ఒకటి ముంబయి వెళ్లే మీ సంచిలో ఉండాలి.