ముడుచుకునే తొట్టి మూత: మోటారు కంటే ముందు నీటిదారి

మీ ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు తొట్టికి మోటారుతో ముడుచుకునే మూతను సొంతంగా తయారు చేసుకోవాలనుకుంటున్నారు. ఎంత శక్తి గల మోటారు కావాలి, అల్యూమినియం పలకలు మేలా గుడ్డ మేలా, ముడుచుకున్న మూత చుట్ట ఎక్కడ పెట్టాలి, వాన నీరు లోపలికి రాకుండా ఏం చేయాలి అని వరసగా అడిగారు. బ్యాటరీ తగ్గిపోతుందేమోనన్న భయం, మూత మీద సోలార్ పలకలు పెట్టాలన్న ఆలోచన కూడా చెప్పారు. ఇలాంటి మూత ఉన్న బండిని నేను మూడేళ్లుగా నడుపుతున్నాను, వారంటీ ముగిశాక రెండుసార్లు ఆ మూతను పూర్తిగా విప్పి మళ్లీ బిగించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ ప్రశ్నల వరసను తిరగేసి వాన నీటితో మొదలుపెట్టండి.

రబ్బరు పట్టీలు ఎన్ని బిగించినా, పలకలు ఒకదానిపై ఒకటి కదులుతూ చుట్టుకునే మూతలో నీరు చుక్క కూడా దిగకుండా ఆపడం సాధ్యం కాదు. నీరు దిగుతుందని ముందే ఒప్పుకుని, దిగిన నీరు ఎటు పోవాలో మనమే నిర్ణయించాలి. మూత వెడల్పు ఒకటిన్నర మీటర్లు, పొడవు 1.8 మీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 2.7 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల జోరువాన కురిస్తే దాని మీద నిమిషానికి రెండుంబావు లీటర్ల నీరు పడుతుంది. అందులో సగం లోపలికి వచ్చినా, నాలుగు మూలలా 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టాలు పెడితే ఆ నీరు సులువుగా బయటికి పోతుంది. కాబట్టి గొట్టం సరిపోతుందా అన్నది సమస్య కాదు, అది పూడుకుపోకుండా ఉంటుందా అన్నదే సమస్య.

నా బండిలో జరిగింది అదే. రెండు రోజుల ముసురు తర్వాత ఒక ఉదయం మీట నొక్కితే మూత జానెడు దూరం కదిలి, ఆగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది. ఎన్నిసార్లు నొక్కినా అదే తంతు. మోటారు కాలిపోయిందేమోననుకుని చుట్ట ఉండే పెట్టెను విప్పాను. అందులో నాలుగు వేళ్ల లోతు నీరు నిలిచి ఉంది, గొట్టం మూతి దగ్గర కుళ్లిన ఆకులు నల్లటి ముద్దలా పేరుకుపోయాయి, చుట్ట ఇరుసుకు ఉన్న బేరింగు తుప్పు పట్టింది. మోటారు మాత్రం నిక్షేపంగా ఉంది. నేను బండిని ఎప్పుడూ ముందుభాగం పల్లంలో ఉండేలా నిలుపుతాను. చుట్టపెట్టె తొట్టికి ముందువైపున, క్యాబిన్ గోడను ఆనుకుని ఉంటుంది కనుక, మూత మీది నీరంతా అందులోకే చేరేది. చదునైన నేల మీద మాత్రమే పరీక్షించి తయారు చేసిన మూత ఇలాగే దెబ్బతింటుంది. పెట్టె అడుగును రెండు పక్కలకూ వాలుగా చేయండి, గొట్టాల మూతుల దగ్గర చేత్తో తీయగలిగే జాలీ పెట్టండి, దాన్ని శుభ్రం చేయడానికి పెట్టె మొత్తం విప్పే పని లేకుండా చూసుకోండి.

ఇక పక్క గాడులు. పలకల చివరలు జారే ఈ గాడుల అడుగు మూసుకుని ఉంటే ఇసుక అందులోనే నిలిచిపోతుంది, కాబట్టి అడుగున అక్కడక్కడ పొడవాటి రంధ్రాలు ఉండాలి. నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మూత కీచుమంటోందని గాడుల నిండా గ్రీజు పూశాను. నెల తిరిగేసరికి ఆ గ్రీజు దుమ్ముతో కలిసి సానరాయి మీది ముద్దలా తయారై, నైలాన్ జారుడు ముక్కలను అరగదీసింది. ఇప్పుడు గాడులను తడిగుడ్డతో తుడిచి, ఆరాక పొడి సిలికాన్ స్ప్రే మాత్రమే వాడుతున్నాను.

పలకలా గుడ్డా అన్న ప్రశ్నకు నా ఓటు పలకలకే. గుడ్డ తేలిక, చుట్ట చిన్నదవుతుంది, కానీ కత్తి ఉన్న దొంగకు అది అడ్డే కాదు. పైగా వేగంగా వెళ్లేటప్పుడు గాలికి పైకి ఉబ్బుతుంది. అయితే పలకలకు చోటు కావాలి. 12 మిల్లీమీటర్ల మందం ఉన్న 1.8 మీటర్ల మూతను 60 మిల్లీమీటర్ల ఇరుసు మీద చుడితే, లెక్క ప్రకారం చుట్ట వ్యాసం 176 మిల్లీమీటర్లు. మందం 20 అయితే 222. పలకలు గుండ్రంగా వంగవు, కోణాలు కోణాలుగా కూర్చుంటాయి కనుక వాస్తవంలో ఇంకా పెద్దదవుతుంది. పెట్టె గోడలు కూడా కలుపుకుంటే తొట్టి ముందుభాగంలో జానెడుకు పైగా పోతుంది. పొట్టి తొట్టి ఉన్న బండికి ఇది చిన్న నష్టం కాదు. 2023 చివరలో అమ్మకానికి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో మూత పైకప్పు వాలుతో కలిసిపోయి వెనుక తలుపు దాకా దిగుతుంది. వాలు ఉండటం నీటికి మంచిదే, కానీ మూసినప్పుడు అది వెనుక కిటికీని కప్పేస్తుంది కనుక వెనుక దృశ్యాన్ని కెమెరా ద్వారా తెర మీద చూసుకోవాల్సి ఉంటుంది. మీ మూత కిటికీ అంచుకు దిగువనే ఉండేలా చూసుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

కొలతలు మరీ బిగుతుగా పెట్టకండి. ఒకటిన్నర మీటర్ల అల్యూమినియం పలక 50 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు దాదాపు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు తొట్టి అందులో సగమే సాగుతుంది. అదీగాక గతుకుల దారిలో తొట్టి మెలికపడి రెండు గాడుల మధ్య దూరం మారుతుంటుంది. అందుకే ఒక పక్క గాడిలో పలకలను పక్కకు కదలకుండా నిలిపి, రెండో పక్క మూడు నాలుగు మిల్లీమీటర్ల వెసులుబాటు ఇవ్వడం మంచిది.

చివరికి మోటారు. పాతిక కిలోల మూతను రాపిడితో సహా లాగడానికి 300 న్యూటన్ల బలం, పూర్తిగా తెరవడానికి పది సెకన్లు అనుకోండి. వర్మ్ గేర్‌లో (మరలాంటి కడ్డీ పళ్లచక్రాన్ని తిప్పే అమరికలో) పోయేది కలుపుకుని 150 వాట్లు చాలు. అంటే 12 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. బ్యాటరీ తగ్గిపోతుందన్న మీ భయం అనవసరం, ఒకసారి తెరవడానికి అయ్యే విద్యుత్తుతో మీ బండి ఒకటిన్నర మీటరు నడుస్తుంది, అంతే.

అసలు చిక్కు వేళ్లు నలగకుండా చూడటంలో ఉంది. మోటారు తీసుకునే కరెంటు అకస్మాత్తుగా పెరిగితే ఏదో అడ్డుపడిందని గ్రహించి మూత వెనక్కి వెళ్లాలి. తనంతట తానే మూసుకునే కారు కిటికీ అద్దాలకు నిబంధనలు విధించే హద్దు 100 న్యూటన్లు. మామూలుగా లాగడానికే 300 కావలసిన చోట అదనపు 100ను గుర్తించాలంటే రాపిడి ఎప్పుడూ ఒకేలా ఉండాలి. గాడిలో ఇసుక, తుప్పు పట్టిన బేరింగు, చలికి గట్టిపడిన గ్రీజు, వీటిలో ఏది ఉన్నా కంట్రోలరుకు అది మనిషి చెయ్యిలాగే కనిపిస్తుంది. నా మూత జానెడు కదిలి వెనక్కి వెళ్లడానికి కారణం ఇదే. అప్పుడు హద్దును పెంచేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

వర్మ్ గేర్‌లో కడ్డీ చక్రాన్ని తిప్పగలదు కానీ చక్రం కడ్డీని తిప్పలేదు కనుక ఆ మూతను బయటి నుంచి నెట్టి తెరవలేరు, భద్రతకు అది మేలే. అయితే కరెంటు లేనప్పుడు మీరూ తెరవలేరు. బండిని నడిపే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, మూత మోటారుకు కరెంటు ఇచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే మూత కదలదు. నాకు ఒకసారి అలాగే జరిగింది, దాన్ని బతికించే కేబుళ్లు మూత కిందే ఉన్నాయి! కాబట్టి గేరును విడదీసే తీగ ఒకటి క్యాబిన్‌లోకి రావాలి, పొరపాటున లోపల చిక్కుకున్న పిల్లవాడికి చీకట్లో కూడా కనిపించేలా మెరిసే పిడితో మరొకటి తొట్టిలో ఉండాలి. ఈ రెండోది ఐచ్ఛికం కాదు.

సోలార్ పలకల ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 2.7 చదరపు మీటర్ల మీద మంచి ఎండలో రోజుకు రెండు యూనిట్లు వస్తే ఏడు కిలోమీటర్ల దాకా నడుస్తుంది, కానీ ప్రతి పలక మధ్యా వంగే వైరు కావాలి, ముందు తెగేది అదే.

అల్యూమినియం కోయించే ముందు ప్లైవుడ్‌తో చుట్టపెట్టె నమూనా చేసి, బండి ముందుభాగాన్ని పల్లంలో నిలిపి, గుప్పెడు ఎండుటాకులు వేసి రెండు బకెట్ల నీరు పోసి చూడండి. పావుగంట తర్వాత అడుగున తడి తప్ప నీరు నిలిచి ఉండకపోతే మోటారు కొనడానికి వెళ్లవచ్చు.